రెడ్‌నెక్ షాప్ ఎలా మూతపడింది: తరచుగా అడిగే ప్రశ్నలు

అమెరికాలోని సౌత్ కరోలినా రాష్ట్రంలో లారెన్స్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి న్యాయస్థానం భవనం చుట్టూ ఉన్న కూడలిలో, ఒక పాత సినిమా హాలులో, 1996 నుంచి 2012 వరకు, నల్లజాతివారి మీద హింసకు దిగిన శ్వేతజాతి ఆధిక్యవాద ముఠా కూ క్లక్స్ క్లాన్ (క్లుప్తంగా క్లాన్) దుస్తులు, చిహ్నాలు, నల్లజాతివారిని అవమానించే రాతలున్న వస్తువులు అమ్మే దుకాణం బహిరంగంగా నడిచింది. దాన్ని మూయించడానికి ఒక నల్లజాతి పాస్టరు, ఆయన సంఘస్థులు పదిహేనేళ్ళకు పైగా పోరాడారు. చట్టం ఆ వ్యాపారాన్ని నిషేధించలేని దేశంలో వారు అనుసరించిన మార్గం ఏమిటి, అందులో ఏది ఫలించింది, ఏది ఫలించలేదు అన్న విషయాల మీద తెలుగు పాఠకులకు సహజంగా కలిగే సందేహాలకు ఈ పుటలో సమాధానాలు ఇస్తున్నాం.

ఆ దుకాణంలో నిజంగా ఏం అమ్మేవారు?

దుకాణం పేరు రెడ్‌నెక్ షాప్. ముందు భాగంలో కాన్ఫెడరేట్ జెండాలు (బానిసత్వాన్ని నిలుపుకోవడానికి 1860లలో దేశం నుంచి విడిపోయి అంతర్యుద్ధం చేసిన దక్షిణాది రాష్ట్రాల జెండాలు), బెల్టు బకిళ్ళు, కార్లకు అతికించే స్టిక్కర్లు, జాతి అహంకారాన్ని చాటే నినాదాలు ముద్రించిన టీషర్టులు ఉండేవి. క్లాన్ సభ్యులు వేసుకునే తెల్లని అంగీలు, ముఖాన్ని కప్పే కోసు టోపీలు కూడా అక్కడ అమ్మేవారు. అదే భవనంలో ‘క్లాన్ మ్యూజియం’ అన్న పేరుతో పాత ఫొటోలు, దుస్తులు ప్రదర్శించేవారు. యజమాని జాన్ హోవర్డ్ క్లాన్‌లో ‘గ్రాండ్ డ్రాగన్’ అనే పెద్ద హోదాలో పనిచేసినవాడు. కాబట్టి పాత సామాను అమ్ముకునే వ్యాపారి దగ్గరకు పొరపాటున నాలుగు అభ్యంతరకరమైన వస్తువులు వచ్చి చేరడం వేరు, ఇది వేరు. ఒక సంస్థకు చెందినవాడు ఆ సంస్థ గుర్తులను కొత్తగా తెప్పించి, ఊరి నడిబొడ్డున పెట్టి అమ్మాడు. తర్వాతి సంవత్సరాల్లో ఆ హాలు శ్వేతజాతి ఆధిక్యవాద బృందాలు సమావేశమయ్యే చోటుగా కూడా మారింది. ఆ పట్టణంలోని నల్లజాతి కుటుంబాలు దాన్ని కేవలం దుకాణంగా చూడకపోవడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు.

‘రెడ్‌నెక్’ అంటే ఏమిటి?

ఎండలో పొలం పనిచేసి మెడ కమిలి ఎర్రబడిన పేద తెల్లవాడు అన్నది ఆ మాట మూలార్థం. దక్షిణాది రాష్ట్రాల్లోని పేద శ్వేతజాతి రైతులను, కూలీలను పట్నవాసులు చిన్నచూపుతో పిలిచిన మాట అది. కాలక్రమంలో కొందరు దాన్నే గర్వంగా చెప్పుకోవడం మొదలుపెట్టారు. ఆ మాటను బోర్డు మీదికి ఎక్కించడంలో ఒక ఎత్తుగడ ఉందని నేను భావిస్తాను. పేద తెల్లవాళ్ళ ఆత్మగౌరవానికి, క్లాన్ హింసకు మధ్య ఉన్న దూరాన్ని చెరిపివేసి, ఆ రెండూ ఒకటేనన్నట్టు ఆ బోర్డు చెప్పింది. కష్టపడి బతికే వేలాది తెల్ల కుటుంబాలకు కూడా అది చేసిన అన్యాయమే.

సినిమా హాలు సంగతి అంత ముఖ్యమా?

చాలా ముఖ్యం. ఆ భవనం పేరు ఎకో థియేటర్. జాతుల వేర్పాటు అమల్లో ఉన్న కాలంలో తెల్లవాళ్ళు కింద కూర్చునేవారు, నల్లవాళ్ళు పైనున్న బాల్కనీలోనే కూర్చోవాలి. తెలుగు పాఠకులు ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. మన సినిమా హాళ్ళలో బాల్కనీ అంటే ఖరీదైన టికెట్టు, నేల అంటే చవక టికెట్టు. అక్కడ ఈ లెక్క తలకిందులు. డబ్బు ఎంత ఉన్నా నల్లజాతివాడికి కింది సీటు దొరికేది కాదు, బాల్కనీ వెలివేతకు గుర్తు. తర్వాతి కాలంలో ఉద్యమాన్ని నడిపిన పాస్టరు డేవిడ్ కెనెడీ పిల్లవాడిగా ఉన్నప్పుడు ఆ హాలు బాల్కనీలోనే కూర్చుని సినిమా చూశారు. అదే హాలు ముందు భాగంలో నలభై దాటిన వయసులో క్లాన్ అంగీలు వేలాడుతుండగా చూడవలసి వచ్చింది.

లారెన్స్ పట్టణానికి ఈ విషయంలో పాత చరిత్ర ఉందా?

ఉంది. అది తెలియకపోతే ఈ దుకాణం మీద పుట్టిన బాధ తీవ్రత అర్థం కాదు.

లారెన్స్ పట్టణం గ్రీన్‌విల్ నగరానికి ఆగ్నేయంగా సుమారు 35 మైళ్ళ దూరంలో ఉంటుంది. జనాభా తొమ్మిది వేలకు అటూ ఇటూ. ఆ పేరు హెన్రీ లారెన్స్ అనే 18వ శతాబ్దపు నాయకుడి నుంచి వచ్చింది. ఆయన అమెరికా స్వాతంత్ర్య పోరాట కాలంలో అక్కడి వలస రాష్ట్రాల ప్రతినిధుల సభ అయిన కాంటినెంటల్ కాంగ్రెస్‌కు అధ్యక్షుడు. చార్ల్‌స్టన్ రేవులో ఆఫ్రికా నుంచి బానిసలను దిగుమతి చేసి అమ్మిన పెద్ద వర్తక సంస్థలో భాగస్వామి కూడా ఆయనే.

అంతర్యుద్ధం ముగిశాక నల్లజాతి పురుషులకు ఓటు హక్కు వచ్చింది. 1870 అక్టోబరులో ఎన్నికలు జరిగిన మరునాడే లారెన్స్‌లో సాయుధ మూకలు విరుచుకుపడ్డాయి. ఆ హింసలో హతమైనవారిలో వేడ్ పెర్రిన్ అనే నల్లజాతి శాసనసభ్యుడు ఒకరు. 1865లో టెనెసీ రాష్ట్రంలోని పులాస్కీలో పుట్టిన క్లాన్ అప్పటికే దక్షిణాది అంతటా పాకింది. దాన్ని అణచడానికి 1871లో అమెరికా చట్టసభ అయిన కాంగ్రెస్ ప్రత్యేక చట్టం చేసింది. ఆ ఏడాది అక్టోబరులో అధ్యక్షుడు యులిసిస్ గ్రాంట్ సౌత్ కరోలినాలోని తొమ్మిది కౌంటీల్లో (మన జిల్లాల వంటివి) హెబియస్ కార్పస్ హక్కును నిలిపివేశారు. విచారణ లేకుండా నిర్బంధించే అధికారాన్ని ఒక అధ్యక్షుడు క్లాన్‌ను ఎదుర్కోవడానికి వాడవలసి వచ్చిన ఆ తొమ్మిది కౌంటీల్లో లారెన్స్ ఒకటి.

1913లో అదే పట్టణంలో రిచర్డ్ పకెట్ అనే నల్లజాతి యువకుడిని మూక చంపి రైలు వంతెనకు వేలాడదీసింది. ఆయన పాస్టరు కెనెడీకి ముత్తాతల తరం బంధువు. ఆ వంతెన మీది తాడు తర్వాత కూడా దశాబ్దాల పాటు అలాగే ఉండిపోయిందని కెనెడీ అనేకసార్లు చెప్పారు. ఊళ్ళో పిల్లలు ఆ తాడు కింద నుంచి నడుచుకుంటూ పెరిగారు. అలాంటి ఊళ్ళో క్లాన్ అంగీ కేవలం పాత బట్ట కాదు.

ఉద్యమాన్ని ఎవరు మొదలుపెట్టారు? మొదట ఏం చేశారు?

న్యూ బిగినింగ్ మిషనరీ బాప్టిస్ట్ చర్చి పాస్టరు డేవిడ్ కెనెడీ, ఆయన సంఘం. సంఘం పెద్దదీ కాదు, సంపన్నమైనదీ కాదు. 1996లో దుకాణం తెరిచినప్పటి నుంచి వారు దాని ముందు నిలబడి నిరసన తెలిపారు. కూడలిలో ఊరేగింపులు జరిపారు, పట్టణ పాలకులను కలిశారు, పత్రికలవారితో మాట్లాడారు. ఊళ్ళోని తెల్లవారిలో కొందరు దుకాణాన్ని అసహ్యించుకున్నా బయటికి వచ్చి నిలబడిన వారు తక్కువ. ‘పట్టించుకోకపోతే అదే మూతపడుతుంది’ అన్న సలహా చాలామంది ఇచ్చారు. ఇటువంటి సందర్భాల్లో ప్రతి ఊళ్ళోనూ వినిపించే సలహా ఇది. ఇచ్చేవాళ్ళు మంచివాళ్ళే కావచ్చు, కానీ రోజూ ఆ కిటికీ ముందు నుంచి పిల్లలను బడికి తీసుకువెళ్ళేది వాళ్ళు కాదు.

కెనెడీకి బెదిరింపులు వచ్చాయి. ఆయన్ను చంపే ఆలోచన కూడా జరిగిందని ఆ దుకాణంతో సంబంధం ఉన్న వ్యక్తే తర్వాత ఒప్పుకున్నాడు. ఆ వ్యక్తి గురించి కింద వివరంగా ఉంది.

పట్టణ ప్రభుత్వం లైసెన్సు రద్దు చేసి ఎందుకు మూయించలేదు?

అమెరికా రాజ్యాంగంలోని మొదటి సవరణ ప్రకారం ప్రభుత్వం ఒక అభిప్రాయం నచ్చలేదన్న కారణంతో దాని వ్యక్తీకరణను అడ్డుకోకూడదు. జెండా, టీషర్టు మీది రాత, అంగీ అన్నీ అక్కడి న్యాయశాస్త్రంలో వ్యక్తీకరణ కిందికే వస్తాయి. భవన భద్రత, అగ్నిమాపక నిబంధనలు, పార్కింగు నియమాలు అందరికీ వర్తించినట్టే ఈ దుకాణానికీ వర్తిస్తాయి. అయితే ఆ నిబంధనలను ఒక్క దుకాణం మీద మాత్రమే కక్షగా ప్రయోగిస్తే కోర్టులో నిలబడవు.

ఈ సూత్రాన్ని రూపుదిద్దిన తీర్పుల్లో ముఖ్యమైనది 1969లో బ్రాండెన్‌బర్గ్ కేసులో వచ్చింది. ఒహాయో రాష్ట్రానికి చెందిన ఒక క్లాన్ నాయకుడి ప్రసంగం మీద వచ్చిన ఆ కేసులో సుప్రీంకోర్టు, తక్షణమే చట్టవిరుద్ధమైన చర్య జరిగేలా రెచ్చగొట్టే ఉద్దేశంతో చేసినది, అలా జరిగే అవకాశం ఉన్నది అయితేనే ఆ ప్రసంగాన్ని శిక్షించవచ్చని చెప్పింది. 1992లో సెయింట్ పాల్ నగరం కేసులో, నల్లజాతివారిని భయపెట్టడానికి క్లాన్ వాడిన పద్ధతి అయిన శిలువ తగలబెట్టడాన్ని శిక్షించిన స్థానిక శాసనం కొన్ని రకాల ద్వేషాన్ని మాత్రమే ఎంచుకుని నిషేధించిందన్న కారణంతో చెల్లదని తీర్పు వచ్చింది. 2003లో వర్జీనియా కేసులో మాత్రం ఒక వ్యక్తిని భయపెట్టే ఉద్దేశంతో శిలువ తగలబెడితే నిషేధించవచ్చని కోర్టు అంగీకరించింది. అంటే గీత ఎక్కడుందంటే, నిర్దిష్టమైన మనిషికి బెదిరింపుగా మారే చోట ఉంది. అల్మారాలో అమ్మకానికి పెట్టిన అంగీ ఆ గీతకు ఇవతలే ఉండిపోతుంది.

ఈ న్యాయసూత్రం బాధితుల మీద మోపే భారం చిన్నది కాదు. అదే సూత్రం దుకాణం ముందు నిలబడి నిరసన తెలిపే హక్కును కూడా కెనెడీ సంఘానికి ఇచ్చింది. 1960లలో దక్షిణాది ప్రభుత్వాలు నల్లజాతి ఊరేగింపులను ‘శాంతిభద్రతల’ పేరుతో ఆపాలని చూసినప్పుడు వారిని కాపాడినది కూడా ఈ మొదటి సవరణే.

భారతదేశంలో ఇలాంటి దుకాణం పెడితే?

మన చట్టం వేరే దారిలో నడుస్తుంది. రాజ్యాంగంలోని 19(1)(ఎ) అధికరణ భావప్రకటనా స్వేచ్ఛను ఇస్తుంది, 19(2) శాంతిభద్రతల వంటి కారణాలతో సహేతుకమైన పరిమితులు విధించడానికి ప్రభుత్వానికి అవకాశం ఇస్తుంది. వర్గాల మధ్య శత్రుత్వం పెంచడం నేరం. ఇదివరకు భారత శిక్షాస్మృతిలో 153ఎ సెక్షన్, 2024 జులై నుంచి భారతీయ న్యాయ సంహితలో 196వ సెక్షన్ దీన్ని చెబుతున్నాయి. షెడ్యూల్డు కులాలు, తెగల మీద అత్యాచారాల నిరోధానికి 1989 చట్టం ఉంది. కాబట్టి ‘అమెరికాలో పోలీసులు ఎందుకు వెళ్ళి తాళం వేయలేదు’ అన్న ప్రశ్న మనవాళ్ళకు రావడం సహజం. అయితే చట్టం పుస్తకంలో ఉండటం, ఫిర్యాదు స్టేషనులో నమోదు కావడం రెండూ ఒకటి కావన్నది ఇక్కడ ఎవరికీ చెప్పనక్కరలేదు.

జర్మనీ ఇంకా కఠినంగా ఉంటుంది. అక్కడి శిక్షాస్మృతిలోని 86ఎ సెక్షన్ నాజీ చిహ్నాలను బహిరంగంగా ప్రదర్శించడాన్ని, పంచడాన్ని నేరంగా చూస్తుంది, విద్యకు, పరిశోధనకు, కళకు మినహాయింపు ఇస్తుంది.

బహిష్కరణ పనిచేయదా?

కొన్నిచోట్ల బాగా పనిచేసింది. మిసిసిపీలోని పోర్ట్ గిబ్సన్ అనే ఊళ్ళో 1966లో నల్లజాతి ప్రజలు తెల్ల వర్తకుల దుకాణాలను బహిష్కరించారు. వర్తకులు నష్టపరిహారం కోరుతూ వేసిన దావా 1982లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది, శాంతియుత బహిష్కరణకు మొదటి సవరణ రక్షణ ఉంటుందని కోర్టు తేల్చింది. సౌత్ కరోలినాలోనే శాసనసభ ఆవరణలోని కాన్ఫెడరేట్ జెండాకు వ్యతిరేకంగా నల్లజాతి హక్కుల సంస్థ ఎన్‌ఏఏసీపీ 2000 నుంచి 2015 వరకు ఆ రాష్ట్రంలో పర్యటించవద్దని పిలుపునిచ్చింది.

కానీ బహిష్కరణ పనిచేయాలంటే బహిష్కరించేవాళ్ళు అంతకుముందు ఆ దుకాణానికి కొనుగోలుదారులై ఉండాలి. పోర్ట్ గిబ్సన్‌లో నల్లవాళ్ళే ఎక్కువ మంది ఖాతాదారులు కాబట్టి వర్తకులకు దెబ్బ తగిలింది. రెడ్‌నెక్ షాపులో కొనేవాళ్ళు నిరసనకారుల మాట వినేవాళ్ళు కాదు, దూరం నుంచి వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు. పత్రికల్లో వార్త వచ్చినప్పుడల్లా దుకాణం పేరు మరింత దూరం పాకేది. కాబట్టి లారెన్స్‌లో నిరసనల వల్ల జరిగిన మేలు దుకాణం ఆదాయం తగ్గడం కాదు, ఊరు మౌనంగా అంగీకరించిందని ఎవరూ చెప్పే వీలు లేకుండా చేయడం.

ఎవరైనా దుకాణం మీద దాడి చేశారా?

1996లో ఒక వ్యక్తి తన వ్యానును తీసుకువచ్చి దుకాణం ముందుభాగాన్ని ఢీకొట్టాడు. దానితో దుకాణం మూతపడలేదు, యజమానికి తాను బాధితుడినని చెప్పుకునే అవకాశం మాత్రం దొరికింది.

మైఖేల్ బర్డెన్ ఎవరు? భవనం చర్చి చేతికి ఎలా వచ్చింది?

మొత్తం వ్యవహారంలో అందరూ ఎక్కువగా అడిగే ప్రశ్న ఇదే. మైఖేల్ బర్డెన్ క్లాన్ సభ్యుడు, హోవర్డ్ నీడలో పెరిగినవాడు. పాత హాలును దుకాణంగా మార్చడంలో స్వయంగా చెమటోడ్చినవాడు. హోవర్డ్ అతన్ని కొడుకులా చూసుకున్నాడు, భవనం హక్కును అతని పేరు మీదికి మార్చాడు. పాస్టరు కెనెడీని చంపడం గురించి ఆలోచించినట్టు తర్వాత బయటికి చెప్పిన వ్యక్తి ఇతనే.

బర్డెన్‌కు పిల్లలున్న ఒక స్త్రీతో పరిచయమైంది. ఆమె క్లాన్‌ను వదలమని పట్టుబట్టింది. వదిలాక అతనికి పని లేదు, ఉండటానికి చోటు లేదు. హోవర్డ్ వర్గం అతన్ని వెలివేసింది. ఆ స్థితిలో ఆ కుటుంబానికి భోజనం పెట్టించి, మోటెల్‌లో గదికి డబ్బు కట్టినది పాస్టరు కెనెడీ. తనను చంపాలనుకున్న మనిషికి అన్నం పెట్టడం గురించి వినడానికి బాగానే ఉంటుంది. అయితే ఆ సాయం చేసేటప్పుడు ఆయన సంఘంలోనే కొందరికి భయం, కోపం ఉండి ఉంటాయని ఊహించడం కష్టం కాదు. ఆ కుటుంబంలో పిల్లలు ఆకలితో ఉన్నారు, పాస్టరు దాన్ని చూశారు, మిగతా లెక్కలు పక్కన పెట్టారు.

1997లో బర్డెన్ తన పేరు మీదున్న ఆ భవనాన్ని 1,000 డాలర్లకు కెనెడీ చర్చికి అమ్మాడు. క్లాన్ దుకాణం నడుస్తున్న భవనానికి నల్లజాతి చర్చి యజమాని అయ్యింది.

యజమాని చర్చి అయితే వెంటనే ఎందుకు ఖాళీ చేయించలేదు?

దస్తావేజులో ఒక షరతు ఉంది. హోవర్డ్ బతికి ఉన్నంత కాలం ఆ చోటులో తన వ్యాపారం నడుపుకోవచ్చన్నది ఆ షరతు. తెలుగు పాఠకులకు ఇది కొత్త సంగతి కాదు. మన ఊళ్ళలో తల్లిదండ్రులు ఇల్లు పిల్లలకు రాసి ఇచ్చేటప్పుడు తాము జీవించి ఉన్నంత కాలం అందులో ఉండి అనుభవించే హక్కును దస్తావేజులో నిలుపుకుంటారు. ఆస్తి పిల్లలదే, కానీ అనుభవం పెద్దలది. పెద్దల రక్షణకు ఉద్దేశించిన అలాంటి ఏర్పాటే లారెన్స్‌లో ఒక క్లాన్ నాయకుడి దుకాణానికి కంచె అయ్యింది.

దానితో వింతైన పరిస్థితి ఏర్పడింది. చర్చి పేరు మీద భవనం ఉంది, లోపల క్లాన్ సామాను ఉంది, యజమానులు తమ సొంత భవనంలోకి స్వేచ్ఛగా అడుగుపెట్టలేరు. దీనికి తోడు హక్కు ఎవరిదన్న దాని మీదే వివాదం లేవదీశారు. ఏళ్ళ తరబడి ఇలాగే గడిచింది. ఈ కథను చెప్పేవారు చాలామంది 1997 దగ్గర ఆగిపోతారు. క్లాన్ సభ్యుడు మారాడు, పాస్టరు క్షమించాడు, భవనం చేతికి వచ్చింది అని ముగిస్తారు. ఆ తర్వాత పదిహేనేళ్ళ పాటు ఆదివారం ప్రార్థన ముగించుకుని ఆ కూడలి గుండా ఇంటికి వెళ్ళినవారికి మాత్రం ఆ దుకాణం తెరిచే ఉండేది.

కోర్టు చివరికి ఏమని తీర్పు ఇచ్చింది?

చర్చి 2008లో కోర్టుకు వెళ్ళింది. 2011 డిసెంబరులో న్యాయమూర్తి భవనం మీద చర్చికి ఉన్న హక్కును ఖాయం చేశారు. చర్చికి అయిన న్యాయ ఖర్చుల కింద 3,300 డాలర్లకు పైగా చెల్లించమని దుకాణదారును ఆదేశించారు. 2012లో దుకాణం మూతపడింది. హోవర్డ్ 2017లో మరణించాడు.

గమనించవలసిన విషయం ఏమిటంటే, ఈ కేసులో ఎవరూ జాతి విద్వేషం గురించి తీర్పు అడగలేదు. దస్తావేజు, హక్కు, రిజిస్ట్రేషన్ అన్నవే వాదనకు వచ్చాయి. వ్యక్తీకరణ స్వేచ్ఛ చట్టం తాకలేని దుకాణాన్ని ఆస్తి చట్టం తాకింది. భవనం యజమాని తన చోటులో ఏం అమ్మాలో నిర్ణయించుకోవచ్చు, ప్రభుత్వానికి ఆ స్వేచ్ఛ లేదు. ఇలాంటి ప్రయత్నం తలపెట్టే ఏ సంఘమైనా మొదట చూడవలసినది ఆ భవనం ఎవరి పేరు మీద ఉంది, అద్దె ఒప్పందం ఎప్పుడు ముగుస్తుంది, పక్క దుకాణాలవారు ఎవరు అన్న సంగతులు. నినాదాలు తర్వాత రాసుకోవచ్చు.

‘ఇది మా వారసత్వం, ద్వేషం కాదు’ అన్న వాదనలో నిజం లేదా?

అంతర్యుద్ధంలో చనిపోయిన ముత్తాత ఫొటోను ఇంట్లో దాచుకోవడం ఎవరి వారసత్వమైనా కావచ్చు, దాన్ని ఎవరూ కాదనలేరు. కానీ రెడ్‌నెక్ షాపులో ఉన్నది 1860ల సైనికుల జ్ఞాపకం కాదు. క్లాన్ ఏ దేశానికీ సైన్యం కాదు, ఓటు వేసిన వారిని రాత్రిపూట ఇళ్ళకు వెళ్ళి చంపిన రహస్య ముఠా. 1915లో జార్జియాలోని స్టోన్ మౌంటెన్ మీద దాన్ని మళ్ళీ మొదలుపెట్టినవారు, తర్వాత 1950, 60లలో పౌరహక్కుల ఉద్యమం మీద బాంబులు వేసినవారు ఆ అంగీలే ధరించారు. ఆ అంగీని కొత్త గుడ్డతో కుట్టి అమ్మడంలో గతం లేదు. అది వేసుకోవాలనుకునే మనిషి ఇప్పుడు ఉన్నాడు కాబట్టే అమ్ముడవుతుంది.

2015 జూన్ 17న చార్ల్‌స్టన్‌లోని ఇమాన్యుయేల్ చర్చిలో బైబిలు పఠనానికి కూర్చున్న తొమ్మిది మంది నల్లజాతివారిని ఒక శ్వేతజాతి యువకుడు కాల్చి చంపాడు. అతను కాన్ఫెడరేట్ జెండా పట్టుకుని దిగిన ఫొటోలు బయటపడ్డాయి. ఆ తర్వాత కొద్ది వారాల్లోనే సౌత్ కరోలినా శాసనసభ ఆవరణ నుంచి ఆ జెండాను దించారు. చిహ్నాలు హాని చేయవన్న మాట ఆ రాష్ట్రంలో అంత తేలికగా అనలేం.

అలాంటి వస్తువులన్నిటినీ ధ్వంసం చేయాలా?

నా సమాధానం: వద్దు. అమ్మకం ఆపాలి, సాక్ష్యాన్ని దాచాలి.

దీనికి మంచి ఉదాహరణ మిషిగన్ రాష్ట్రంలోని బిగ్ రాపిడ్స్‌లో ఉంది. ఫెర్రిస్ స్టేట్ విశ్వవిద్యాలయంలో జిమ్ క్రో మ్యూజియం (జాతుల వేర్పాటు చట్టాలకు వాడుక పేరు జిమ్ క్రో) అనే సంగ్రహాలయాన్ని డేవిడ్ పిల్‌గ్రిమ్ అనే నల్లజాతి సమాజశాస్త్ర ఆచార్యుడు స్థాపించారు. అలబామాలోని మొబీల్‌లో పెరిగిన ఆయన చిన్నతనంలో నల్లజాతి స్త్రీని వెక్కిరించే బొమ్మ ఒకటి కొని, అక్కడికక్కడే నేలకేసి కొట్టి పగలగొట్టారు. తర్వాతి కాలంలో పగలగొట్టడం మాని సేకరించడం మొదలుపెట్టారు, 1996లో తన సేకరణను విశ్వవిద్యాలయానికి ఇచ్చారు. రెడ్‌నెక్ షాప్ తెరిచిన సంవత్సరమూ అదే. 2012లో ఆ మ్యూజియం కొత్త విశాలమైన ఆవరణలోకి మారింది, రెడ్‌నెక్ షాప్ మూతపడినదీ ఆ ఏడాదే. దాదాపు ఒకే రకం వస్తువులు ఒకచోట గర్వంగా, మరొకచోట పాఠంగా ఉన్నాయి.

వస్తువు పక్కన ఎవరు నిలబడి ఏం చెబుతున్నారు, దాన్ని ఇంటికి పట్టుకుపోయే వీలుందా లేదా అన్నవే ఇక్కడ తేడాలు. హోవర్డ్ కూడా తన గదిని ‘మ్యూజియం’ అన్నాడు. కానీ ఆ గది తలుపు నేరుగా అమ్మకపు బల్ల దగ్గరికి తెరుచుకునేది.

దుకాణాలు మూసినా ఆన్‌లైన్‌లో దొరుకుతాయి కదా?

దొరుకుతాయి, అయితే అక్కడ కూడా ఒత్తిడి పనిచేసిన సందర్భాలున్నాయి. 2000లో ఫ్రాన్స్‌లోని జాతి విద్వేష వ్యతిరేక సంస్థలు యాహూ వేలం పుటల్లో నాజీ వస్తువుల అమ్మకం మీద కేసు వేశాయి. పారిస్ న్యాయమూర్తి ఫ్రాన్స్ వాడుకరులకు అవి అందకుండా చేయమని ఆదేశించారు. 2001 ఆరంభంలో యాహూ అలాంటి వస్తువులను తన వేలంలో నిషేధించింది. అదే సంవత్సరం ఈబే కూడా నాజీ, క్లాన్ వస్తువుల మీద నిబంధనలు కఠినం చేసింది. 2015 జూన్‌లో చార్ల్‌స్టన్ హత్యల తర్వాత వాల్‌మార్ట్, అమెజాన్, ఈబే కాన్ఫెడరేట్ జెండా సరుకును ఆపివేశాయి. ప్రైవేటు సంస్థలకు మొదటి సవరణ అడ్డు కాదు, అందుకే అవి చేయగలిగాయి.

ఇతర ఊళ్ళలో కూడా ఇలాంటి ప్రయత్నాలు జరిగాయా?

జరిగాయి, అన్నీ ఫలించలేదు. జార్జియాలోని కెన్నెసా పట్టణంలో 1971 నుంచి అంతర్యుద్ధ కాలపు వస్తువులతో పాటు జాత్యహంకార సరుకు కూడా అమ్మిన దుకాణం ఒకటి ఉంది. యజమాని 2022 జనవరిలో మరణించాక అది మూతపడింది, ఇక తెరవదని చాలామంది అనుకున్నారు. ఆ జూన్‌లో మళ్ళీ తెరిచింది. పట్టణం లైసెన్సు ఇవ్వడాన్ని నిరసిస్తూ ఒక కౌన్సిల్ సభ్యుడు రాజీనామా చేశారు. పట్టణాధికారులు చెప్పిన సమాధానం లారెన్స్‌లో వినిపించినదే: నిబంధనలు పాటించినవారికి లైసెన్సు నిరాకరించలేం.

దీనితో తెలుగువారికి ఏం సంబంధం?

నేరుగా ఈ కథలో తెలుగువారు ఎవరూ లేరు, ఉన్నట్టు చెప్పడం సరికాదు. కానీ అమెరికాలో లక్షలాది తెలుగు కుటుంబాలు స్థిరపడ్డాయి. 2017 ఫిబ్రవరిలో కాన్సాస్ రాష్ట్రంలోని ఓలేతాలో ఒక తెలుగు ఇంజనీరును ‘మా దేశం నుంచి పొండి’ అని అరుస్తూ కాల్చి చంపారు. చంపినవాడు అతని చర్మం రంగు చూశాడు గాని, చదువునూ వీసానూ చూడలేదు. మనవాళ్ళలో కొందరు అమెరికాలోని నల్లజాతివారి గురించి మాట్లాడే తీరు నాకు బాధ కలిగిస్తుంది. 1965లో వలస చట్టం మారి ఆసియావారికి తలుపులు తెరుచుకోవడానికి పౌరహక్కుల ఉద్యమం సృష్టించిన వాతావరణం ఒక ముఖ్య కారణం. ఆ ఉద్యమంలో దెబ్బలు తిన్న తరంవాళ్ళు లారెన్స్ వంటి పట్టణాల్లో ఇంకా మన మధ్య ఉన్నారు.

ఇప్పుడు ఎకో థియేటర్ ఏ స్థితిలో ఉంది?

భవనం చర్చిదే. దాన్ని బాగుచేసి, ఆ ఊళ్ళో జరిగినదంతా చెప్పే చోటుగా, జాతుల మధ్య సయోధ్యకు కేంద్రంగా మార్చడానికి ‘ఎకో ప్రాజెక్ట్’ అనే లాభాపేక్ష లేని సంస్థ ఏర్పడి విరాళాలు సేకరిస్తోంది. ఈ ఉదంతం ఆధారంగా తీసిన చలనచిత్రం 2018లో అమెరికాలోని సన్‌డాన్స్ చలనచిత్రోత్సవంలో ప్రేక్షకుల బహుమతి పొందడంతో బయటివారి దృష్టి కూడా అటు మళ్ళింది. పాత కట్టడం కాబట్టి పని నెమ్మదిగా, ఖర్చుతో కూడి సాగుతుంది. ఆ హాలులో ఒకప్పుడు తాను కూర్చోవడానికి వీలులేని కింది వరుసలు, తాను కూర్చున్న బాల్కనీ రెండూ ఇప్పుడు పాస్టరు కెనెడీ సంఘం ఆస్తి. తాళం చెవి వారి దగ్గరే ఉంది.